మత్తు, మన పిల్లలు, మన ఊరు: కౌన్సెలింగ్ గదిలో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రి డీఅడిక్షన్ సెంటర్‌లో పన్నెండేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఓపీ గదిలోకి రాగానే తల్లులు అనే మొదటి మాట దాదాపు ఒకటే. "మావోడు అలాంటోడు కాదు మేడమ్, ఎవరో అలవాటు చేశారు." పక్కన నిలబడ్డ కుర్రాడు తన చెప్పుల వంక చూసుకుంటూ ఉంటాడు. ఆ తల్లి అబద్ధమేమీ చెప్పడం లేదు. అయితే ఆ 'ఎవరో' గురించి, మత్తు గురించి, మాన్పించడం గురించి మనం నమ్మేవాటిలో చాలామటుకు తప్పు. ఆ నమ్మకాల వల్లే పిల్లలు మా దగ్గరికి రెండు మూడేళ్లు ఆలస్యంగా వస్తున్నారు. ఆ రెండు మూడేళ్లలోనే ఇంటర్ పోతుంది, డిగ్రీ పోతుంది, ఇంట్లో వాళ్ల మీద ఉన్న నమ్మకం పోతుంది.

అపోహ: బయటివాళ్లెవరో వచ్చి పిల్లల్ని చెడగొడతారు

గంజాయి చాక్లెట్లు పట్టుబడ్డ మాట నిజమే. అయినా "మొదటిసారి ఎవరిచ్చారు?" అని నేనడిగితే వచ్చే జవాబు స్నేహితుడు, సీనియర్, బావ, పిన్ని కొడుకు. డబ్బులు కూడా తీసుకోరు. ఎవరిదో పుట్టినరోజు, లేదా పరీక్షలైపోయిన రాత్రి, చెరువుగట్టు మీద.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మొదలు ఇంట్లోనే కనిపిస్తుంది. నాన్నకి సిగరెట్లు తెమ్మని కొట్టుకి పంపింది మనమే. బెల్టు షాపు నుంచి సీసా తెప్పించింది మనమే. పెళ్లిలో గ్లాసు అడుగున మిగిలిన బీరు పిల్లాడి చేత తాగించి నవ్వింది మన చుట్టాలే. పిల్లలకి మద్యం, పొగాకు, మత్తు పదార్థాలు ఇవ్వడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం.

ఊరంతా గంజాయి అంటే భయపడుతుంది, మందు సంగతి ఎత్తదు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడ్డ జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు సుమారు 3.1 కోట్లు. అదే సర్వేలో నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి ఇంకోటుంది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చడం పెద్దవాళ్లలో కంటే పిల్లల్లోనే ఎక్కువ. అవి కొనడానికి ఏ రహస్య స్థలానికీ పోనక్కర్లేదు, వీధి చివర కొట్టు చాలు. ఉతికే బట్టల్లో పిల్లాడి చేతిరుమాలు గట్టిపడి, జిగురు వాసన వేస్తుంటే దాన్ని పక్కన పెట్టి ఆలోచించండి.

అపోహ: భయపెడితే దాని జోలికి పోరు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జూనియర్ కాలేజీలో గంటసేపు మాట్లాడాను. పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు, కాలేయం బొమ్మలు, మత్తు పదార్థాల పేర్లు అన్నీ తెర మీద వేశాను. చివర్లో వెనక వరుసలోంచి ఒకబ్బాయి లేచి, "మేడమ్, ఆ మూడోది మనకాడ ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లలకి అప్పటిదాకా తెలియని పేర్లు నేనే నేర్పి వచ్చాను.

అమెరికాలో పోలీసుల చేత బడుల్లో పాఠాలు చెప్పించే 'డేర్' కార్యక్రమం 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై దేశమంతా పాకింది. ఆ పాఠాలు విన్న పిల్లలకీ విననివాళ్లకీ మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం వెలువరించిన నివారణ ప్రమాణాల్లో కూడా ఉపన్యాసాలివ్వడం, భయపెట్టడం, ఒకప్పుడు అలవాటు ఉన్నవాణ్ణి వేదికెక్కించి కథ చెప్పించడం ఫలితమివ్వని పద్ధతుల కిందే ఉన్నాయి. మన దగ్గర జూన్ 26 వస్తే ర్యాలీ, ప్రతిజ్ఞ, గ్రూపు ఫొటో. మర్నాటి నుంచి మళ్లీ ఏడాది దాకా ఏమీ ఉండదు.

ఫలితమిచ్చే పని నెమ్మదిగా సాగుతుంది. వారానికోసారి చొప్పున పది పన్నెండు వారాలు, ముప్ఫై మందికి మించకుండా కూర్చోబెట్టి వాళ్ల చేతే మాట్లాడించాలి. మేం 'వద్దు' అనడం సాధన చేయిస్తాం. ఒకడు సిగరెట్ ఇస్తున్నట్టు నటిస్తాడు, రెండోవాడు తప్పుకోవాలి. మొదటి వారం అందరూ "వద్దు బ్రో" అని తల దించుకుంటారు. ఇచ్చేవాడు "ఏరా, అమ్మంటే భయమా?" అనగానే నోరు పెగలదు. అక్కడ ఆపి, దానికి జవాబు వాళ్లనే వెతకమంటాం. ఒకడు "ఔను, భయమే. నువ్వు మా అమ్మని చూళ్లేదు" అన్నాడు. ఇంకొకడు "పొద్దున్నే రన్నింగ్ ఉంది, ఆర్మీ సెలక్షన్స్‌కి ఊపిరి కావాలి" అన్నాడు. ఐదో వారానికి గొంతులు మారిపోతాయి. స్నేహితుల మధ్య పరువు పోకుండా తప్పుకునే మాట ఒకటి నోట్లో సిద్ధంగా ఉండాలి. ఆ క్షణంలో కాలేయం బొమ్మ ఎవడికీ గుర్తు రాదు.

అపోహ: గంజాయి ఆకే కదా, మందు కంటే నయం

ఇది కుర్రాళ్ల మాట. "మొక్క నుంచి వచ్చిందే కదా మేడమ్!" ఉమ్మెత్త కూడా మొక్కే. గంజాయి వాడినవాళ్లలో పదిమందికి ఒకరు దాన్ని వదల్లేని స్థితికి వస్తారు. టీనేజీలోనే మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుంది గనక చిన్న వయసులో దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే, లేనిపోని అనుమానాలు రావడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడటం లాంటివి మొదలయ్యే ప్రమాదం ఇంకా ఎక్కువ. గాలి సోకిందని తాయెత్తులు కట్టించి, నాలుగు ఊళ్లు తిప్పి, అప్పుడు తెస్తారు మా దగ్గరికి.

అపోహ: మనసు గట్టిదైతే చాలు, మాల వేస్తే మానేస్తాడు

కార్తీకంలో మా ఓపీ పల్చబడుతుంది, సంక్రాంతి దాటాక నిండిపోతుంది. 41 రోజులు చుక్క ముట్టనివాడు మాల తీసిన వారంలోనే మళ్లీ మొదలుపెడతాడు. "చూశారా మేడమ్, మానగలడు. కావాలనే తాగుతున్నాడు" అంటారు ఇంట్లోవాళ్లు.

ఆ 41 రోజులూ ఏం జరిగిందో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. చుట్టూ పదిమంది స్వాములు, పైన గురుస్వామి. సాయంత్రం భజన, అంటే సరిగ్గా గొంతు లాగే వేళకి చేతినిండా పని. నిన్నటిదాకా తాగుబోతన్న ఊరే ఎదురుపడితే "స్వామీ" అని పలకరిస్తుంది. ఇవన్నీ కలిసి వాణ్ణి నిలబెట్టాయి. మాల తీసిన రోజున ఇవన్నీ ఒకేసారి పోయి, పాత అరుగు, పాత జట్టు మిగులుతాయి. అందుకే మేం గురుస్వాములను కలిసి అడుగుతాం, శబరిమల నుంచి వచ్చాక కూడా వారానికో పూట ఈ కుర్రాణ్ణి పిలవండని. రంజాన్ నెలలో మసీదు పెద్దలకీ, ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాల్లో పాస్టర్లకీ ఇదే చెబుతాం.

ఇక్కడొక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపితే రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి లేనివి కనపడవచ్చు. పట్టించుకోకపోతే ప్రాణం పోవచ్చు. తెలంగాణలో డయాజెపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు దొరక్కపోయేసరికి జనం వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలైంది కూడా ఇలాగే. మాల వేయడానికి ముందు డాక్టరుకి చూపించండి. వణుకు తగ్గడానికి మందులున్నాయి, అవి వేసుకుంటే దీక్షకి భంగమేమీ కాదు.

అపోహ: తెలియకుండా అన్నంలో కలిపే పొడి ఉంది

కొనకండి. ఆ పొడిలో ఏముందో సరిగ్గా చెప్పేవాళ్లుండరు. డైసల్ఫిరామ్ గనక ఉంటే, అది తిన్న మనిషి మందు తాగగానే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మందు మా దగ్గరా ఉంది. పరీక్షలు చేసి, రోగికి అంతా వివరించి, ఒప్పుకుంటేనే ఇస్తారు.

అపోహ: ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుంది

చికిత్సకి వచ్చినందుకు కేసు ఉండదు. మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, వివరాలు గోప్యంగా ఉంచడం ఆ చట్టం ప్రకారం మా బాధ్యత. ఒకవేళ వాడినందుకో, కొద్దిపాటి మోతాదు దొరికినందుకో కేసులో ఇరుక్కున్నా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వచ్చి పూర్తిగా చేయించుకునే వ్యసనపరుడికి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

సరుకు మోసేవాడికి మాత్రం ఈ దారి లేదు. ఏజెన్సీ నుంచి ఒక బ్యాగు దాటిస్తే ఖర్చులకి డబ్బులిస్తామన్న మాటకి పడిపోయి పట్టుబడే కుర్రాళ్లున్నారు. గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్లకి తగ్గని శిక్ష. బ్యాగులో ఏముందో తెలియదని చెప్పినంత మాత్రాన సరిపోదు, తెలియదని నిరూపించుకోవాల్సింది వాడే. ఈ ఒక్క సంగతి ప్రతి హాస్టల్లోనూ చెప్పాలి.

పిల్లాడి జేబులో గంజాయి చుట్టుకునే కాగితాలు దొరికాయా? ఆ రాత్రే నిలదీయకండి, మత్తులో ఉన్నవాడితో మాట్లాడి లాభం లేదు. తెల్లారి, మేనమామనీ బాబాయినీ పిలవకుండా, తల్లో తండ్రో ఒక్కరే కూర్చుని అడగండి. "ఎందుకు చేశావ్?" అంటే అబద్ధం వస్తుంది. "ఎప్పటి నుంచి? నిద్ర పడుతోందా?" అంటే మాట వస్తుంది. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ముందు మీరే ఫోన్ చేయండి. మత్తు నుంచి బయటపడేందుకు జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక సమస్య ఏదైనా టెలిమానస్ 14416, ఏ వేళలోనైనా, తెలుగులోనే.

అపోహ: పెళ్లి చేస్తే దారికొస్తాడు

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇదే. సంబంధం మాట్లాడేటప్పుడు "ఎప్పుడైనా ఫ్రెండ్స్‌తో" అని దాటేస్తారు. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల మెడలో పసుపుతాడే మిగులుతుంది. ఆరో నెల గర్భంతో మా బెంచీ మీద కూర్చున్న ఒకమ్మాయి, "వాళ్లబ్బాయి జబ్బుకి నేను మందునా మేడమ్?" అని అడిగింది. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను, అంతకంటే ఏం చెప్పను.

వ్యసనం బీపీ, ఆస్తమాల్లాంటి జబ్బు. చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారు. అప్పుడు చికిత్స మార్చాలి, మనిషిని వదిలేయకూడదు. కొట్టి మాన్పిస్తామనే చోట్లకి అసలే పంపకండి. గొలుసులు వేయడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. ఎక్కడ చేర్చినా రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. పిల్లాడితో మిమ్మల్ని ఒంటరిగా మాట్లాడనివ్వం అని వాళ్లంటే వెంటనే ఇంటికి తెచ్చేసుకోండి.

అపోహ: ఇది పోలీసులు, డాక్టర్లు చూసుకోవాల్సిన పని

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, రోశమ్మ ముందుండగా, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలింది. నిషేధం నిలవలేదని చాలామంది పెదవి విరుస్తారు. నాకు మాత్రం ఆ చదువుల తరగతి ముఖ్యమనిపిస్తుంది. పదిమంది ఆడవాళ్లు కలిసి కూర్చునే జాగా ఒకటి ఉంది కాబట్టే, ఎవరింట్లో వాళ్లు కుమిలిపోయిన బాధ ఊరి మాట అయింది.

ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో మత్తెక్కేలా తాగామన్నారు. 2016కి అది 5 శాతానికి దిగింది. ఆటలకీ సంగీతానికీ కుటుంబాలకు డబ్బు సాయం చేశారు. రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరాలో తల్లిదండ్రులందరూ కలిసి ఒక మాట మీద నిలబడ్డారు. ఎక్కడేం జరుగుతోందో పిల్లల్నే అడిగి, ఆ లెక్కలు ఊరి ముందు పెట్టారు.

మాకు అంత డబ్బు లేదు. మేం పనిచేసే ఒక కాలనీలో సాయంత్రం నాలుగున్నరకి బడి గేటుకి తాళం పడేది, కుర్రాళ్లు వెనక గోడ పక్కన చేరేవారు. రెండేళ్ల కింద ఆ తాళంచెవి ఇద్దరు తల్లుల చేతికొచ్చింది. పంచాయతీ రెండు లైట్లు వేసింది. రిటైరైన పీఈటీ మాస్టారొకాయన వాలీబాల్ నెట్ కట్టి రోజూ ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఉండేవారు. గోడ పక్కన దమ్ము కొట్టే నలుగురు మొదటి నెలంతా దూరం నుంచే చూశారు. మాస్టారు వాళ్లని తరమలేదు. ఒక పలక, సుద్దముక్క ఇచ్చి "స్కోరు రాయండ్రా" అన్నారు. మూడో నెలలో ఇద్దరు ఆటలోకి దిగారు. ఇంకొకడు ఒక సోమవారం పొద్దున్నే మా ఓపీకి వచ్చాడు. మాస్టారి స్కూటర్ వెనక కూర్చుని, ఆ పలక ఒళ్లో పెట్టుకుని.