అద్దకం బాగానే ఉంది, మరి రంగెందుకు మారింది?

బండారులంక నూలు చీరైనా, ఉప్పాడ జాందానీ అయినా వాట్సాప్‌లో అమ్మేవాళ్లకు తప్పని మాట ఒకటుంది: "ఫొటోలో చూసిన రంగు ఇది కాదండీ." తప్పు ఫోన్‌దని అమ్మినవాళ్లు, అద్దకందని కొన్నవాళ్లు అంటారు. ఒక్కోసారి రెండింటిదీ కాదు, పక్కనున్న రంగుది.

ఈ పేచీ దాదాపు 200 ఏళ్ల నాటిది. అదీ నేతశాలలోనే తేలింది. పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకం విభాగానికి 1824లో రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రోల్ అధిపతిగా వచ్చాడు. అక్కడి నలుపు వెలవెలబోతోందని ఫిర్యాదులు. ఆయన వేరే చోట్ల అద్దిన నల్ల ఉన్ని తెప్పించి పక్కపక్కన పెట్టి చూశాడు. గోబెలిన్స్ నలుపులో లోటేమీ లేదు. నీలం, ఊదా పక్కన నేసినప్పుడే అది పాలిపోయినట్టుంది. పక్కపక్కనున్న రెండు రంగుల మధ్య తేడాని కన్ను పెంచి చూపిస్తుందని 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. నీడలు వేరే రంగులో కనిపించడం గురించి జర్మన్ కవి గోథే 1810లోనే రాసినా, అద్దకంవాళ్ల మీద నింద పోగొట్టింది మాత్రం షెవ్రోలే.

గంగాజమునా అంచు చీర చూడండి. ఒకవైపు ఎర్రంచు, ఇంకోవైపు ఆకుపచ్చంచు, మధ్యలో బూడిద రంగు బాడీ అనుకుందాం. ఎర్రంచు పక్కన బూడిద కాస్త ఆకుపచ్చగా, పచ్చంచు పక్కన కాస్త గులాబీగా తోస్తుంది. నూలు ఒక్కటే, అద్దిన తొట్టీ ఒక్కటే. తెల్ల కాగితానికి రెండు కన్నాలు పెట్టి, అంచులు కనపడకుండా చీర మీద కప్పితే తేడా మాయం.

అంచు వెడల్పుగా ఉంటేనే ఇలా. సన్న గీతలైతే వ్యవహారం తిరగబడుతుంది: బూడిద మీద సన్నటి ఎర్ర చారలు దగ్గర దగ్గరగా నేస్తే, బూడిదే ఎర్రబారినట్టుంటుంది. దీన్ని 1870ల్లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫాన్ బెజోల్డ్ వివరించాడు. చూసే దూరం మారినా ఫలితం మారొచ్చు. కౌంటర్ అవతలినుంచి ఒకలా, చేతిలోకి తీసుకున్నాక ఇంకోలా ఉండటం అందుకే.

కారణం కొంత కంటిలోనే ఉంది. వెలుగు పడిన కణం పక్క కణాన్ని అణచిపెడుతుందని అమెరికన్ శాస్త్రవేత్త హార్ట్‌లైన్ గుర్రపునాడా పీత కంటిలో చూపించాడు; దృష్టిపై పరిశోధనలకు 1967లో నోబెల్ పంచుకున్నాడు. మిగతాది మెదడు పని.

కోనసీమలో చీరల ఫొటోలు ఎక్కువగా కొబ్బరితోటలోనో, అరటిచెట్ల ముందో తీస్తారు. చుట్టూ అంత పచ్చదనం ఉంటే ఎరుపు మరీ ఎర్రగా కనిపిస్తుంది. మామూలు బూడిద రంగు గుడ్డ మీద పరిచి తీస్తే వాపసులు కొన్నయినా తగ్గుతాయి. కాకపోతే తోటలో ఫొటోకి పడినన్ని లైకులు దానికి పడవు.