నాలుగు తెల్ల పంచెలు

చి. చిన్నికి, బుజ్జిబాబుకి తాతయ్య ఆశీస్సులు.

దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనక తెల్ల కొంగలు గుంపుగా దిగాయనీ, వాటిలో ఒకదాని తల పసుపు పూసినట్టు ఉందనీ రాశావు చిన్నీ. అది వేరే పిట్టా, లేక దానికి జబ్బు చేసిందా అని నీ బెంగ. జబ్బు కాదమ్మా, పెళ్ళికళ.

పెళ్ళిపందిట్లో నలుగురు బాబాయిలు తెల్ల పంచెలు కట్టుకుని తిరుగుతున్నారనుకోండి. దూరానికి అందరూ ఒకటే. బట్టలు చూస్తే లాభం లేదు. పొడవు, కాళ్ళు, మొహం చూడాలి. మన పొలాల్లో దిగే తెల్ల కొంగలూ ముఖ్యంగా నాలుగు రకాలే.

పశువుల కొంగ పొట్టి బాబాయి. ముక్కు కొస నుంచి తోక దాకా అర మీటరు. పొట్టి మెడ, పొట్టి పసుపు ముక్కు, ఉబ్బిన దవడ. నీళ్ళకంటే గేదెల కాళ్ళ దగ్గర, ట్రాక్టరు చాళ్ళలో లేచే మిడతలే దీనికి ముఖ్యం. గూడు కట్టే కాలానికి తల, మెడ, వీపు నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా నారింజ రంగుకి తిరుగుతాయి. నువ్వు చూసింది దీన్నే. ఆ కాలం పోతే మళ్ళీ తెలుపే.

చిన్న కొంగ 60 సెంటీమీటర్లు. ముక్కు సూదిలా, నల్లగా ఉంటుంది. కాళ్ళూ నలుపే, పాదాలు మాత్రం పసుపు. అంటే ఈ బాబాయి పసుపు జోళ్ళు తొడిగాడన్నమాట. చిక్కేమిటంటే, దమ్ము మడిలో ఆ జోళ్ళకి బురద అంటి కనపడవు. ఎగిరేదాకా ఆగండి, కాళ్ళు తోక వెనక్కి చాస్తుంది.

మిగతా ఇద్దరూ బాగా తికమకపెడతారు. నడిమి కొంగ సుమారు 70 సెంటీమీటర్లు, పెద్ద కొంగ 90 నుంచి 100. ఇద్దరికీ పాదాలు కూడా నలుపే. ముక్కు మామూలు రోజుల్లో పసుపు, గూళ్ళ కాలంలో నలుపు. అందుకే ముక్కు నల్లగా ఉంది కదా అని చిన్న కొంగ అని రాసుకుంటే తప్పవుతుంది. పొడవు చూద్దామంటే, ఒంటరిగా నిలబడ్డ కొంగ పక్కన పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు ముక్కు మొదట్నుంచి కంటి వైపు పోయే నోటి గీత చూడండి. గీత కంటి కిందే ఆగిపోతే నడిమి కొంగ, కన్ను దాటి వెనక్కి పోతే పెద్ద కొంగ. పెద్దదాని మెడ మధ్యలో విరిచి అతికించినట్టు ఒక మలుపు కూడా ఉంటుంది. దీనికి ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే మామూలు బైనాక్యులర్ (8×42) చాలు. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. ఎదురు వెలుగులో పసుపు ముక్కూ నల్లగానే కనిపిస్తుంది.

ఇక పంచెల పోలిక ఆపాలి. గట్టు మీద మట్టిరంగులో కలిసిపోయి కూర్చునే గుడ్డి కొంగకి పంచె లేదు మరి! మనం దగ్గరికెళ్ళేదాకా కదలదు కాబట్టి కళ్ళు లేవనుకుని ఆ పేరు పెట్టారు పాపం. లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి, ఆ మెరుపు చూసి చాలామంది తెల్ల కొంగ అనుకుంటారు. వీపు చూస్తే గోధుమరంగే. మీటరు పొడవు, బూడిదరంగు, కంటి మీదుగా నల్ల పట్టీ ఉంటే అది నారాయణ పక్షి. రెల్లులోంచి ఎర్రమట్టిరంగు మెడ పాములా లేస్తే ఊదా కొంగ.

కొంగలన్నీ మెడ ముడుచుకుని ఎగురుతాయి. మెడలో ఆరో ఎముక పొడవు, మడత పడేది అక్కడే. చేప మీదికి ముక్కు ఈటెలా దూకేదీ ఆ మడత విప్పుకునే. నత్తగుల్ల కొంగ మెడ చాచి ఎగురుతుంది. అది పేరుకే కొంగ, దాని కుటుంబం వేరు.

గూళ్ళ కాలంలో తెల్ల కొంగల వీపున వచ్చే సన్నని ఈకల కోసం ఒకప్పుడు వేలకు వేలు చంపేవారు. సీమ దొరసానుల టోపీలకట! మన దేశం నుంచి ఆ ఎగుమతిని 1902లో ఆపారు. మీరు కూడా గూళ్ళున్న చెట్టు కింద గోల చేయకండి. తల్లి లేచిన నిమిషంలో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది.

బుజ్జిబాబూ, చిన్న కొంగకి ఆ పసుపు జోళ్ళు ఎందుకని అడిగావు కదూ. అది ఉత్తరంలో రాయను. పొద్దున్నే మడిగట్టు మీద కూర్చో. “కొంగా కొంగా గోరివ్వు” అని చేతులూపకు. కాసేపటికి అది ఒక కాలు ముందుకు పెట్టి బురదలో వణికిస్తుంది. అప్పుడు ముక్కు వైపు కాదు, ఆ కాలి చుట్టూ నీళ్ళలో ఏం కదులుతుందో చూడు.

మీ
తాతయ్య