పెద్దపాపకు, మిగతా పిల్లలకు అవ్వ రాసే ఉత్తరం

ఒరే పిల్లలూ, అందరూ బాగుండారా. నేను బాగుండా, మోకాళ్ళు తప్ప.

మొన్న పెళ్ళిలో పెద్దపాప మొకం చూసినప్పట్నించి నాకు మనసులో మనసు లేదు. ఎడమ చెంప మీద గోధుమరంగు చార, ఏందమ్మా ఇది అంటే ఏంలేదవ్వా అని చున్నీ అడ్డం పెట్టుకునింది, రాత్రి నా పక్కన పడుకున్నప్పుడు మెల్లిగా చెప్పింది, ఫోన్లో రీల్ చూసి నిమ్మరసంలో వంటసోడా కలిపి మూడు రోజులు పూసుకునిందంట, మూడోరోజు సరిగ్గా కడుక్కోకుండా అట్లే స్కూటీ ఎక్కి మిట్టమధ్యాన్నం కపిలతీర్థం రోడ్డులో పోయిందంట. తిరుపతి ఎండలో, నిమ్మరసం మొకంతో! ఆ రోజు తిట్టలేదు, ఇప్పుడు కూడా తిట్టడానికి రాయలేదు తల్లీ, నీకు చెప్పాల్సినోళ్ళం మేమే చెప్పలేదు కదా.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ ఊరగాయకు నిమ్మకాయలు కోయమని మిద్దెమీద కూర్చోబెట్టింది, రసం మణికట్టు మీదుగా కారతా ఉంటే పావడాకు తుడుచుకుంటా ఎండలోనే కోసినాను. రెండు రోజులకు చెయ్యి ఎర్రగా మండింది, తర్వాత రసం కారిన దోవల్లోనే నల్లచారలు తేలినాయి, సంక్రాంతి దాకా పోలేదు, ఊర్లో అందరూ దిష్టి అన్నారు. పెళ్ళయినాక ఎప్పుడో ఒక చర్మం డాక్టరమ్మ చెప్పింది, నిమ్మజాతి కాయల్లో ఒక పదార్థం ఉంటుంది, అది చర్మం మీదుండగా ఎండ తగిలితే ఆ చోటంతా కాలినట్టయి నల్లబడుతుంది అని. అంటే నిమ్మకాయ తెల్లగా చేసేది పక్కనపెట్టు, ఎండ తోడైతే నల్లగా చేస్తుంది. నీ చార కూడా అట్లాంటిదే అనిపిస్తా ఉంది, వారాలో నెలలో పడుతుంది పోయేదానికి, గీకొద్దు, ఇంకేదీ పూయొద్దు, ఎండలో పోతే కప్పుకుని పో, మంట ఉన్నా బొబ్బ వచ్చినా అమ్మను తీసుకుని చర్మం డాక్టరు దగ్గరకు పో.

ఇక సోడా సంగతి. నిమ్మరసంలో వేస్తే బుసబుసా నురగొచ్చింది, బాగా పనిచేస్తా ఉండాది అనుకున్నానవ్వా అన్నావు కదా, ఆ నురగ సోడాబుడ్డిలో ఉండే గాలే, కార్బన్ డయాక్సైడ్, దాంతో మొకానికి ఒరిగేదేం లేదు. చిన్నపిల్లలు కూడా చేసి చూడండి, రోంత పసుపు నీళ్ళలో కలిపి అందులో సున్నం వెయ్యండి, హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు మాదిరి ఎర్రగా అయిపోతుంది. ఇంకో గిన్నెలో సున్నం బదులు సోడా వెయ్యండి, అంత ఎర్రగా కాకపోయినా రంగు ముదురుతుంది. సోడా కూడా సున్నం పక్షమే అని పసుపు చెప్తా ఉండాది, మీ సైన్సు టీచర్లు క్షారం అంటారే అదే. పసుపు మరక గుడ్డమీద సబ్బు రుద్దితే ఎర్రగా అయ్యేది కూడా ఇందుకే. మన చర్మమేమో రోంత పులుపు పక్షం, పులుపునూ క్షారాన్నీ కొలిచే పీహెచ్ అనే లెక్కలో 5 దగ్గర ఉంటుంది, ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ, సోడా 8 దాటి ఉంటుంది, నిమ్మరసం 2, 3 మధ్యలో. నిమ్మకాయ ఈ కొస, సోడా ఆ కొస, మధ్యలో పాపం నీ చెంప. మొటిమ మీద తెల్లగడ్డ నూరి పెట్టేది కూడా ఇట్లాంటిదే, బొబ్బలెక్కుతాయి, వంటింట్లోది కదా ఏం చెయ్యదులే అనుకోవద్దు, మిరప్పొడి కూడా వంటింట్లోదే.

ఇంకొక మాట, ఇది నాకు కష్టంగా ఉంది రాయడానికి. నువ్వు నల్లగా ఉన్నానని పూసుకున్నావు. నీకా మాట పెట్టింది మన ఇంటోళ్ళే, నీ చిన్నప్పుడు పసుపు రాస్తే తెల్లబడుతుంది అని నేనే అన్నాను, తప్పు నాదే. చర్మం రంగు లోపల మెలనిన్ అనే దాన్ని బట్టి ఉంటుంది, అది అమ్మానాయన నుంచి వచ్చేది, ఏ పిండీ ఏ పాలమీగడా దాన్ని మార్చదు. నలుగు పెట్టేది మురికి, నూనె పోయి చర్మం నున్నగా ఉండేదానికి. అంతే, అంతకంటే ఎక్కువ ఎవరు చెప్పినా నమ్మొద్దు.

నలుగుపిండి నేను చేసేది రాస్తా, బాగా చదువుకోండి. పెసలు అరకిలో, పచ్చిశనగపప్పు పావుకిలో, రెండూ రెండు రోజులు ఎండబెట్టాలి, పళ్ళకింద వేస్తే టక్కున విరగాలి. గుప్పెడు ఎండిన గులాబీ రేకులు, వట్టివేర్లు ఉంటే రోంత, కస్తూరి పసుపు 50 గ్రాములు, అది కూర పసుపు మాదిరి అంత పచ్చగా అంటుకోదు. మిల్లులో ఆడించుకుని వచ్చినాక పల్చటి గుడ్డలో జల్లించాలి, ఈ పని మాత్రం బద్ధకించొద్దు, రవ్వ మిగిలితే అది చర్మాన్ని గీరేస్తుంది. పొడిగా సీసాలో పెట్టుకుంటే రెండు మూడు నెలలుంటుంది, నీళ్ళో పెరుగో కలిపింది మాత్రం ఆ పూటకే, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి రేపు పూసుకుంటాం అనొద్దు, దాంట్లో మందులేం ఉండవు కదా చెడిపోకుండా. ముందు ఒంటికి నువ్వుల నూనె రాసి అరగంట ఉంటే మురికి నూనెలో కలుస్తుంది, ఆ నూనెను పిండి పీల్చుకుంటుంది, అందుకే దీపావళి తలంటులో నూనె ముందు, నలుగు తర్వాత. గట్టిగా రుద్దొద్దు, మొకానికైతే తడి చేత్తో అట్లా తిప్పి కడిగేసేయండి, ఎండి పెటపెటలాడే దాకా ఉంచొద్దు. మా అమ్మ బావంచాలు కూడా వేసేది, నేను మానేసినా, బొల్లి మచ్చలకు వైద్యులు వాడే గింజ అది, నిమ్మకాయ మాదిరే ఎండతో కలిస్తే చర్మాన్ని కాలుస్తుంది.

పసుపు మాత్రం కొమ్ములు తెచ్చి ఇంట్లో దంచుకోండి. లూజు పొడిలో రంగు కలుపుతారు, లెడ్ క్రోమేట్ అని సీసం ఉండే రంగు కూడా కలిపేవాళ్ళు ఉండారు, అది తినేదానికి గానీ పూసేదానికి గానీ పనికిరాదు.

ఎర్రచందనం పొడి కావాలని చిన్నపాప అడిగింది కదా. శేషాచలం అడవి మన పక్కనే ఉంది కాబట్టి దాని గురించి మనకన్నా తెలియాలి. ఎర్రచందనానికి వాసన ఉండదు, రంగే ఉంటుంది. కొండమీద గుండు చేయించుకున్నాక తలకు పూసుకునే చల్లటి గంధం వేరే చెట్టుది. అంగట్లో ఎర్రచందనం అని ఇచ్చేది ఘుమఘుమా వాసనొస్తే ఇంకేదో కలిపినట్టే లెక్క. ఆ చెట్లు కొట్టకూడదని చట్టం, దొంగతనంగా నరికి లారీల్లో పట్టుకుపోతా ఉంటే పేపర్లో చదువుతానే ఉండాము, మొకానికి పూసుకునేదానికి ఆ మాను ఎందుకు పాపా, పెసరపిండి చాలదా.

తలకైతే సీకాయ, కుంకుడుకాయ, రెండిట్లో ఉండేది సబ్బు మాదిరి నురగొచ్చే గుణమే, సాపోనిన్ అంటారంట. కుంకుళ్ళు గింజ తీసి వేడినీళ్ళలో నానేసి పిసికి వడకట్టాలి, కళ్ళలో పడితే ఎంత మంటో మీకు తెలుసు, పిల్లోడు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. టెంకాయ నూనె వెంట్రుక లోపలికి పోతుంది, పైపైన నిలిచేది కాదు, తలంటుకు ముందు రాత్రి పెడితే వెంట్రుక తొందరగా తెగదు. కానీ మొటిమలుండే మొకానికి అదే నూనె పూస్తే రంధ్రాలు మూసుకుంటాయి. మెంతులు రాత్రి నానేసి రుబ్బితే జిగురొస్తుంది, ఆ జిగురే వెంట్రుకలు చిక్కు పడకుండా చేసేది. ఎర్రగడ్డ రసం నేను చెప్పను, ఆ వాసన వారం పోదు, కొందరికి దురద కూడా.

కలబంద మట్ట కోసినాక కాసేపు నిలబెట్టండి, పసుపుపచ్చటి ద్రవం కారిపోతుంది, అదే దురద పెట్టేది, తర్వాత లోపలి గుజ్జు తీసుకోండి. గోరింటాకు ఇంట్లో ఆకు నూరుకుంటేనే, గంటలో నల్లగా పండే కోన్లు వద్దు, తలరంగులో ఉండే పీపీడీ కలుపుతారు వాటిలో, చేతులు బొబ్బలెక్కిన పిల్లలుండారు. అసలు గోరింటాకు ముందు నారింజ రంగులో ఉండి ఒకటి రెండు రోజులకు ముదురుతుంది.

ఏది పూసుకున్నా ముందు మోచేతి మడతలో రోంత రాసి ఒక రోజు చూడండి. నాకు పడింది మీకు పడకపోవచ్చు.

పెసలు మిద్దెమీద ఎండబోసినాను, ఆదివారానికి ఆడించి పెడతా, చిన్నపాపను పంపండి, సీసా ఇచ్చి పంపుతా. పెద్దపాప కూడా రావాలి. చున్నీ అడ్డం పెట్టుకోకుండా రా తల్లీ.

మీ అవ్వ