రాండమైజర్ అంటే కలగాపులగం కాదు: అపోహలు – వాస్తవాలు

బాగా ఆడేసిన ఆటను మళ్లీ మొదలుపెడితే వేళ్లు వాటంతట అవే కదులుతాయి, బుర్రకు మాత్రం పనుండదు. ఏ పెట్టెలో ఏముందో, ఏ తలుపు ఎటు తీస్తుందో ముందే తెలుసు. వస్తువులు, శత్రువులు, తలుపులు ఉండే చోట్లను మార్చేసి, అదే ఆటను ఇంకో పజిల్‌గా చేతికిచ్చే మాడ్‌ని (అంటే అసలు ఆటకు బయటివాళ్లు చేసే మార్పుని) రాండమైజర్ అంటారు. నేను ఇలాంటివాటికి లాజిక్ నియమాలు రాస్తుంటాను, కొత్తవాళ్లకు సెట్టింగులు చూసిపెడుతుంటాను. వాళ్ల దగ్గర పదేపదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: పేకముక్కలు కలిపినట్టు అన్నీ కలిపేస్తారు, అంతే

ఉత్తినే కలపడానికి నాలుగు లైన్ల కోడ్ చాలు. కాకపోతే అలా పుట్టే ఆటల్లో చాలావాటిని చివరిదాకా ఆడలేం.

1991లో సూపర్ ఫామికామ్ అనే కన్సోల్ మీద వచ్చిన 'ఎ లింక్ టు ద పాస్ట్' జెల్డా ఆటనే తీసుకోండి. అందులో మూన్ పెర్ల్ అనే వస్తువు లేకుండా డార్క్ వరల్డ్‌లో అడుగుపెడితే కథానాయకుడు లింక్ కుందేలైపోతాడు. కత్తి దూయలేడు, సుత్తి ఎత్తలేడు. ఇప్పుడు ఆ మూన్ పెర్ల్‌ని డార్క్ వరల్డ్‌లోనే, సుత్తితో మేకులు దిగ్గొడితే తప్ప తెరుచుకోని గుహలో పెట్టామనుకోండి. పెర్ల్ కావాలంటే సుత్తి వాడాలి, సుత్తి వాడాలంటే పెర్ల్ ఉండాలి. ఇక ఎన్ని గంటలు తిరిగినా ఆట ముందుకు కదలదు.

ఈ ముడి పడకుండా చూసేదే లాజిక్. వస్తువు దొరికే ప్రతి చోటుకూ ఒక నియమం రాస్తాం: ఇక్కడికి చేరాలంటే చేతిలో ఏమేం ఉండాలి? ఈ ఆటలో అలాంటి చోట్లు 200కు పైనే. నియమాలన్నీ రాశాక వస్తువుల్ని సర్దాలి. చాలా రాండమైజర్లు దీనికి 'అస్యూమ్డ్ ఫిల్' అనే పద్ధతి వాడతాయి. మూన్ పెర్ల్‌ని ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు, ఇంకా సర్దని మిగతా వస్తువులన్నీ ఆటగాడి దగ్గర ఉన్నాయనీ, పెర్ల్ ఒక్కటే లేదనీ అనుకుంటాం. అలాంటివాడు ఎక్కడెక్కడికి చేరగలడో లెక్కగట్టి, వాటిలో ఖాళీగా ఉన్న చోట్లలోంచి ఒకదాన్ని పాచిక వేసి ఎంచుతాం. తర్వాత సుత్తి. అప్పటికి ఊహలో ఉన్న సంచి కొంచెం తేలికవుతుంది. అలా చివరి వస్తువుదాకా. పెర్ల్ కోసం పెర్ల్ కావాల్సిన పరిస్థితి ఈ పద్ధతిలో రానే రాదు.

అటువైపు నుంచి, అంటే మొదట్లో అందే చోట్ల నుంచి నింపుకుంటూ పోయే పద్ధతి కూడా ఉంది. తప్పేం కాదు. కానీ తొలి చోట్లు ప్రతి విడతలోనూ పోటీలో ఉంటాయి కాబట్టి ముఖ్యమైన వస్తువులన్నీ ఆట మొదట్లోనే పోగుపడతాయి. అరగంటకే సంచి నిండిపోతే ఆ తర్వాత వెతకడానికి ఏం మిగులుతుంది? అస్యూమ్డ్ ఫిల్ వాటిని కాస్త వెనక్కి నెడుతుంది. ఏ పద్ధతైనా దాని మొగ్గు దానికుంటుంది. 'పూర్తిగా యాదృచ్ఛికం' అనే మాటను ఇక్కడ ఎవరూ గట్టిగా అనరు.

అన్నిటికంటే తలనొప్పి పెట్టేవి గుడులూ కోటల లోపలి చిన్న తాళంచెవులు. లోపలికి వెళ్లగానే ఒక తాళంచెవి దొరికింది, ఎదురుగా తాళం వేసిన తలుపులు రెండు. ఎడమ తలుపు వెనక ఇంకో తాళంచెవి ఉంది, కుడి తలుపు వెనక ఉత్త రూపాయలున్న పెట్టె. కుడిది ముందు తెరిచినవాడి పని అయిపోయినట్టే. ఇలాంటి చిన్న తాళంచెవి ఏ తలుపుకైనా పడుతుంది కాబట్టి ఎవడు ఏది ముందు తెరుస్తాడో మేం చెప్పలేం. అందుకే ఆటగాడు ఎంత చెత్త వరసలో తెరిచినా దారి మిగిలేలా నియమం రాయాలి. ఒక్క డంజన్ (అంటే అలాంటి ఒక గుడి లేదా కోట) తాళాల లెక్క తేల్చడానికి కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చునే సాయంత్రాలుంటాయి. నిజం చెప్పాలంటే నాకు ఆట ఆడటం కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

అపోహ: ఇరుక్కుపోయాను, సీడ్‌లోనే తప్పుంది

ఒక్కో కలగలుపును పుట్టించే సంఖ్యను సీడ్ అంటారు, అలా పుట్టిన ఆటనూ అదే పేరుతో పిలుస్తారు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా ఇదే. చాలాసార్లు సీడ్ బాగానే ఉంటుంది, ఆటగాడి జ్ఞాపకమే అడ్డం పడుతుంది. అసలు ఆటలో ఎప్పుడూ అవసరం పడని చోట్లను బుర్ర లెక్కలోకి తీసుకోదు.

మళ్లీ అదే జెల్డా. జోరాల రాజు అసలు ఆటలో 500 రూపాయలకు ఈత చెప్పులు అమ్ముతాడు. రాండమైజర్‌లో ఆ 500కి ఏం చేతిలో పెడతాడో తెలియదు. చేతిలో డబ్బు లేదని మొదట్లో అతన్ని వదిలేస్తారు, తర్వాత గుర్తే ఉండదు. జబ్బుతో మంచం పట్టిన పిల్లవాడికి ఏదైనా సీసా చూపిస్తే చాలు, వస్తువు ఇస్తాడు. గ్రంథాలయంలో అలమర మీద ఉన్నదాన్ని బూట్లతో పరుగెత్తి గుద్దితే కింద పడుతుంది. ఈ మూడూ చూశారా అని అడిగితే "అయ్యో" అనే జవాబు ఎన్నిసార్లు విన్నానో.

అందుకే మొదటి ఆట నుంచే ట్రాకర్ తెరిచి పెట్టుకోండి. చేతిలో ఉన్న వస్తువుల్ని బట్టి ఇప్పుడు ఏ చోట్లకు చేరగలరో అది మ్యాప్ మీద రంగుల్లో చూపిస్తుంది. దాన్ని చూడటం మోసం కాదు. రేసుల్లో ఆడేవాళ్లలోనూ చాలామంది ట్రాకర్ పెట్టుకునే ఆడతారు.

ట్రాకర్‌తోనూ తేలకపోతే స్పాయిలర్ లాగ్ ఉంది. ఏ వస్తువు ఎక్కడుందో అందులో పూర్తిగా రాసి ఉంటుంది. మొత్తం చదివితే ఆట రుచి పోతుంది. అందులోనే 'ప్లేత్రూ' అని స్పియర్ల వరస ఉంటుంది: ఏమీ లేకుండా అందేవి ఒక విడత, వాటితో అందేవి ఇంకో విడత, ఇలా చివరిదాకా. మీరు ఆగిన విడత ఒక్కటే చూసి మూసేయండి. గంటసేపు అదే మైదానంలో గిరగిరా తిరిగి ఆట వదిలేసేకంటే ఇది మేలు.

లాజిక్‌లో నిజంగానే తప్పులుంటాయి, ఉండవని అనను. అలాంటిది దొరికిందనిపిస్తే సీడ్, రాండమైజర్ వెర్షన్, సెట్టింగులు మూడూ కలిపి పంపండి. ఈ మూడూ ఒకటైతే ఎవరి కంప్యూటర్‌లో తయారుచేసినా అదే ఆట పుడుతుంది. మేం వెళ్లి ఆ పెట్టె ముందే నిలబడి చూడగలం. స్క్రీన్‌షాట్ ఒక్కటి పంపి "పనిచేయట్లేదు" అంటే మేం చేయగలిగింది సున్నా.

ఇంకో మెలిక. చీకటి గదిలో దీపం లేకుండానే గుర్తు మీద నడిచి బయటపడగలవాళ్లు చాలామంది. మామూలు సెట్టింగుల్లో లాజిక్ మిమ్మల్ని అలా నడవమని అడగదు, నడిస్తే ఆపదు కూడా. దీన్నే 'అవుట్ ఆఫ్ లాజిక్' వెళ్లడం అంటారు. ముందుగా ఒక మంచి వస్తువు దొరకొచ్చు. కానీ తాళాలున్న చోట ఇలా దొడ్డిదారిన దూరి తాళంచెవి ఖర్చు పెట్టారంటే అసలుకే ఎసరు రావచ్చు. అప్పుడు సీడ్‌ని తిట్టుకోవద్దు.

అపోహ: అంతా అదృష్టమే, నైపుణ్యానికి చోటు లేదు

రేసుల్లో అందరూ ఒకే సీడ్ ఆడతారు. పైన చెప్పిన జెల్డా రాండమైజర్‌లో ఫైల్ ఎంచుకునే తెర మీద ఐదు చిన్న బొమ్మలు కనిపిస్తాయి. అందరి తెర మీదా అవే బొమ్మలు అదే వరసలో ఉంటే అందరి దగ్గరా ఉన్నది ఒకటే ఆట. నాకు దురదృష్టమైన చోటు అవతలివాడికీ అంతే దురదృష్టం. తేడా వచ్చేది ఎటు ముందు వెళ్లాలి, దేన్ని వదిలేయాలి అనే నిర్ణయాల్లో.

1998 నాటి 'ఒకరీనా ఆఫ్ టైమ్' అనే జెల్డా ఆట రాండమైజర్‌లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడ గాసిప్ రాళ్లు సూచనలిస్తాయి. ఫలానా ప్రాంతం 'వీరుడి దారి'లో ఉంది అంటే, ఆట పూర్తి చేయడానికి తప్పనిసరైన వస్తువు ఒకటి అక్కడుందని అర్థం. ఫలానా చోటికి వెళ్లడం 'తెలివితక్కువ పని' అంటే అక్కడ పనికొచ్చేది ఏదీ లేదని. రెండో రకం సూచనను కొత్తవాళ్లు పట్టించుకోరు. నన్నడిగితే అదే బంగారం: ఒక ప్రాంతం మొత్తాన్ని మ్యాప్ మీంచి కొట్టేయొచ్చు.

ఒకే సీడ్‌లో ఒకడికి గుడ్డిగా తెరిచిన మొదటి పెట్టెలోనే కావాల్సింది దొరకడం జరుగుతుంది, నిజమే. పది రేసులు చూస్తే ముందుండే పేర్లు మాత్రం దాదాపు అవే.

అపోహ: ఆట మొత్తం కంఠతా వచ్చినవాళ్లకే

సగం నిజం. ఎప్పుడూ ఆడని ఆటను రాండమైజర్‌తో మొదలుపెట్టొద్దు. ఏది ఎక్కడ ఉండాలో తెలియనివాడికి అది మారిందన్న సంగతీ తెలియదు. ఒక్కసారి మామూలుగా పూర్తిచేసి ఉంటే చాలు. గ్లిచ్‌లు, స్పీడ్‌రన్ విద్యలు (ఆటలోని లోపాలను వాడుకోవడం, ఆటను అతివేగంగా ముగించడం) ఏవీ అక్కర్లేదు. గ్లిచ్‌లు లేని లాజిక్ అనే సెట్టింగ్ మీలాంటివాళ్ల కోసమే ఉంది.

అపోహ: ఎన్ని ఆప్షన్లు ఆన్ చేస్తే అంత కొత్తగా ఉంటుంది

ఇది నమ్మినవాళ్లే తొందరగా విసుగెత్తి వెళ్లిపోతారు. పోకెమాన్ రాండమైజర్ తెరవగానే కనిపించే చెక్‌బాక్సుల గుంపు చూస్తే అన్నీ నొక్కాలనిపిస్తుంది. నొక్కితే ఏమవుతుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

షెడింజా అనే పోకెమాన్‌కి 'వండర్ గార్డ్' అనే గుణం ఉంది: దాని బలహీనతను తాకే టైపు దాడులు తప్ప మిగతా దాడులు దాన్నేమీ చేయలేవు. ఇంత బలం ఇచ్చినందుకు బదులుగా దాని ప్రాణబలాన్ని చూపే హెచ్‌పీని ఎప్పుడూ 1 దగ్గరే ఉంచారు. ఇప్పుడు గుణాలన్నీ కలిపేస్తే ఈ వండర్ గార్డ్ వెళ్లి సేబలై అనే ఇంకో పోకెమాన్ నెత్తిన పడిందనుకోండి. ఫెయిరీ టైపు రాకముందు ఆటల్లో, అంటే 2013కు ముందువాటిలో, సేబలైకి బలహీనతంటూ ఏదీ లేదు. మామూలు దాడి ఒక్కటీ తగలదు. విషమో, ఇసుక తుఫానో పెట్టి ఓపిగ్గా కూర్చోవాలి. మీరు ఓడించాల్సిన జిమ్ లీడర్ దగ్గర అది ఉంటే మీ పని గోవిందా. అందుకే వండర్ గార్డ్‌ని కలపాలా వద్దా అన్నదానికి విడిగా ఒక చెక్‌బాక్స్ పెట్టారు, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. అది ఆఫ్‌లోనే ఉండనివ్వండి.

మొదటిసారికి నేను పెట్టేవి: అడవి పోకెమాన్ యాదృచ్ఛికం, కాకపోతే దాదాపు సమాన బలం ఉన్నవాటితోనే మార్పిడి. మొదట ఎంచుకునే మూడూ యాదృచ్ఛికం. స్నేహితుడితో మార్చుకుంటే తప్ప పరిణామం చెందని కడాబ్రా, హాంటర్ లాంటివి లెవెల్‌తోనే మారేలా సవరణ. దాడులు నేర్చుకునే అర్హతల్ని కూడా కలుపుతుంటే నీటిని దాటించే సర్ఫ్ లాంటి, దారి తెరిచే హెచ్‌ఎం‌లను అన్నీ నేర్చుకోగలిగేలా పెట్టండి, లేకపోతే సముద్రం ఒడ్డున నిలబడిపోతారు. ఇంతకుమించి వద్దు. ఇది నచ్చాక ప్రత్యర్థుల జట్లు కలపండి, ఆ తర్వాత మిగతావి.

జెల్డాలోనూ అదే మాట. ముందు వస్తువులు మాత్రమే కలపండి. గుడిసె తలుపు తీస్తే డంజన్‌లో తేలే ఎంట్రన్స్ షఫుల్ అద్భుతంగా ఉంటుంది, కానీ కాగితం, పెన్ను, ఓపిక మూడూ కావాలి. శత్రువుల్ని కలపడం నాకు పెద్దగా నచ్చదు. వెతుకులాట పెరగదు, దెబ్బలే పెరుగుతాయి. ఇది నా అభిరుచి, కాదనేవాళ్లు చాలామంది ఉన్నారు.

అపోహ: మాడ్ వేస్తే ఆట పాడవుతుంది, అకౌంట్ పోతుంది

పాత కన్సోల్ ఆటలకు రాండమైజర్లు ఇచ్చేది మార్పుల ప్యాచ్ మాత్రమే, ఆట కాదు. మీ సొంత కాపీ మీరే తెచ్చుకోవాలి. మార్పులు ఫైల్‌లో ఫలానా బైట్ దగ్గర అని ఉంటాయి కాబట్టి వెర్షన్ సరిగ్గా అదే అయ్యుండాలి. పైన చెప్పిన జెల్డా రాండమైజర్‌కి జపాన్ 1.0 వెర్షన్ తప్పనిసరి. ఇంకోటి ఇస్తే అది ఒప్పుకోదు, మీ ఫైల్ చెడిపోయిందని కాదు. మార్చిన ఆట వేరే ఫైల్‌గా వస్తుంది, అసలుది చెక్కుచెదరదు.

అకౌంట్ భయానికి మాత్రం కారణముంది. ఎల్డెన్ రింగ్ లాంటి ఆన్‌లైన్ ఆటల్లో రాండమైజర్‌ని ఆఫ్‌లైన్‌లోనే ఆడాలి. మోసాల్ని పట్టే యాంటీ చీట్‌ని దాటించి ఆన్‌లైన్‌కి వెళ్లే ఉపాయాలు అడగకండి. సేవ్ ఫైల్‌కి నకలు తీసి పక్కన పెట్టుకోండి.

అపోహ: ఇదంతా పాత జెల్డా పిచ్చోళ్ల వ్యవహారం

'బ్లడ్‌స్టెయిన్డ్: రిచువల్ ఆఫ్ ద నైట్' తయారీదారులు 2020లో తమ ఆటలోనే రాండమైజర్ మోడ్ పెట్టి విడుదల చేశారు. హాలో నైట్‌కి, డార్క్ సోల్స్‌కి, ఫైనల్ ఫాంటసీలకి రాండమైజర్లు ఉన్నాయి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా లాగుతున్నది ఆర్కిపెలాగో. ఇది వేర్వేరు ఆటల్ని ఒకే సీడ్‌లో కలుపుతుంది. మీరు జెల్డా, మీ స్నేహితురాలు హాలో నైట్, ఇంకొకరు ఫ్యాక్టోరియో ఆడుతుంటారు. మీ జెల్డాలో కావాల్సిన హుక్‌షాట్ అనే వస్తువు ఫ్యాక్టోరియోలో ఎవరో చేయాల్సిన పరిశోధన వెనక ఉండొచ్చు. మీరు పెట్టె తెరవగానే హాలో నైట్‌లో ఆమె ఆడిస్తున్న వీరుడికి రెక్కలు రావొచ్చు. లాజిక్ మొత్తం ఆటలన్నిటి మీదుగా నడుస్తుంది కాబట్టి ఒకరు ఆగితే ఇంకొకరు ఆగుతారు. మొదటిసారి ఇద్దరు ముగ్గురితో, అందరూ తమకు బాగా వచ్చిన ఆటలతోనే మొదలుపెట్టండి. పూర్తిచేసే ఓపిక తమకు లేని పెద్ద ఆటను ఎవరైనా ఎంచుకుంటుంటే ముందే వద్దనండి. మధ్యలో వదిలి వెళ్లాల్సివస్తే ఊరికే మాయమవ్వకండి, 'రిలీజ్' అనే ఆదేశం ఇచ్చి వెళ్లండి. మీ ప్రపంచంలో ఇరుక్కున్న మిగతావాళ్ల వస్తువులన్నీ ఒక్కసారిగా వాళ్లకు చేరిపోతాయి. ఆట పూర్తికాకముందు సెట్టింగులు ఆ ఆదేశాన్ని ఒప్పుకోకపోతే, మీ తరఫున రిలీజ్ చేయమని నిర్వాహకులకు చెప్పి వెళ్లండి.