చెక్‌లిస్టు వచ్చింది, చావులు తగ్గాయా?

కాస్త పేరున్న ఆస్పత్రిలో ఆపరేషన్ అయిన పేషెంటు ఫైలు తిరగేస్తే ఒక పేజీ నిండా టిక్కులు కనిపిస్తాయి. పేషెంటు పేరు సరిచూశారా, కోయాల్సిన చోట గుర్తు పెట్టారా, గాజుగుడ్డల లెక్క సరిపోయిందా. ఆస్పత్రుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్ఏబీహెచ్ (నాబ్) గుర్తింపు కావాలంటే ఆ పేజీ ఉండాల్సిందే. దాని వెనక పాతికేళ్ల పరిశోధన ఉంది. అందులో గెలిచిన కథలే ఎక్కువ ప్రచారమయ్యాయి.

2001లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి ఐసీయూ డాక్టరు పీటర్ ప్రొనొవోస్ట్ ఒక చిన్న జాబితా రాశారు. మెడ దగ్గరో ఛాతీ దగ్గరో పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ గురించి అది. ఆ గొట్టం వెంట క్రిములు వెళ్తే నేరుగా రక్తంలోకే. చేతులు కడుక్కోవాలి, క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో చర్మం తుడవాలి, పేషెంటును నిండా స్టెరైల్ గుడ్డతో కప్పాలి, వీలైతే తొడ దగ్గరి సిర జోలికి పోకూడదు, అవసరం తీరిన లైన్ తీసెయ్యాలి. ఎంబీబీఎస్ కుర్రాడికీ తెలిసిన సంగతులే. కానీ ముందు ఒక నెలపాటు నర్సులతో గమనింపజేస్తే, మూడో వంతుకు పైగా పేషెంట్ల విషయంలో డాక్టర్లు ఏదో ఒకటి వదిలేస్తున్నారని తేలింది.

అప్పుడు చేసిన అసలు మార్పు వేరే ఉంది. డాక్టరు ఒక్కటి వదిలేసినా ఆపమని చెప్పే అధికారం నర్సులకిచ్చారు, యాజమాన్యం వెనక నిలబడింది. "సార్, గౌను వేసుకోలేదు" అనడానికి మన దగ్గర ఎంత ధైర్యం కావాలో ఏ సిస్టరును అడిగినా చెబుతుంది.

ఆ తర్వాత ఇదే పద్ధతిని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో పెట్టారు. 2006లో ఫలితాలు వచ్చాయి. వెయ్యి క్యాథెటర్ రోజులకు (పేషెంట్లకు ఆ గొట్టం ఉన్న రోజులన్నీ కలిపి వెయ్యికి) 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు పడింది, ఏడాదిన్నర తర్వాతా అక్కడే ఉంది. ఇక్కడో సంగతి చాలామంది దాటేస్తారు. మొదట్లో మూడో వంతు ఐసీయూల్లో కూడా క్లోర్‌హెక్సిడిన్ చేతికందేలా లేదు. పై అధికారులు పట్టుబట్టి తెప్పించారు. అంటే జాబితాతో పాటు సరుకూ వచ్చింది, నర్సు మాటకు విలువా వచ్చింది.

ప్రపంచం మాత్రం జాబితానే అందుకుంది. బోస్టన్ సర్జన్ అతుల్ గవాండే నాయకత్వంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ చెక్‌లిస్టు విడుదల చేసింది. మొత్తం 19 అంశాలు, మూడు చోట్ల ఆగాలి: మత్తు ఇచ్చే ముందు, కత్తి పెట్టే ముందు, పేషెంటును థియేటర్ దాటించే ముందు. ఢిల్లీ, టొరంటో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. ఇది ముందు, తర్వాత అని చూసిన లెక్క. పోల్చడానికి చెక్‌లిస్టు లేని మరో గుంపు పెట్టలేదు. అయినా చాలా దేశాలు తప్పనిసరి చేసేశాయి.

టొరంటో ఉన్న అంటారియో రాష్ట్రమే అందుకు ఎదురు సాక్ష్యం ఇచ్చింది. అక్కడి 101 ఆస్పత్రుల్లో రెండు లక్షలకు పైగా ఆపరేషన్ల వివరాలు 2014లో అచ్చయ్యాయి. మరణాలు 0.71 శాతం నుంచి 0.65కి, గణాంకాల లెక్కలో అది తేడానే కాదు. కాగితం మీద మాత్రం ఆస్పత్రులు దాదాపు పూర్తిగా పాటిస్తున్నట్టే రాసిచ్చాయి. ప్రభుత్వం నుంచి ఆర్డరు వస్తే టిక్కులు పడటం ఎంతసేపు!

మనకు ఇంకా దగ్గరి కథ కాన్పులది. 2010లో కర్ణాటకలోని గోకాక్‌లో కాన్పు చెక్‌లిస్టు పెట్టి చూస్తే, చేయాల్సిన 29 పనుల్లో సగటున పదే జరుగుతున్న చోట పాతిక జరిగాయి. ఆ ఉత్సాహంతో ఉత్తరప్రదేశ్‌లో 24 జిల్లాల్లోని 120 ఆస్పత్రుల్లో, లక్షన్నరకు పైగా కాన్పులతో పెద్ద ట్రయల్ చేశారు. ఈసారి పోల్చడానికి చెక్‌లిస్టు లేని ఆస్పత్రులూ ఉన్నాయి. ఎనిమిది నెలలపాటు కోచ్‌లు వచ్చి లేబర్ రూములో సిస్టర్ల పక్కన నిలబడి చూసి, సరిదిద్దారు. రెండు నెలలకు చేయాల్సిన పనులు 73 శాతం జరిగాయి. కోచ్‌లు రాని చోట 42. ఏడాదికల్లా, కోచ్‌లు వెళ్లిపోయాక, అది 62కి జారింది. తల్లీబిడ్డల మరణాలు, తల్లికి వచ్చే తీవ్ర సమస్యలు కలిపి చూస్తే చెక్‌లిస్టు పెట్టిన చోట 15.1 శాతం, పెట్టని చోట 15.3. అంటే ఏం మారలేదు.

బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించడానికి బ్యాగ్, మాస్క్ పక్కనే ఉంచుకోమని చెక్‌లిస్టు చెబుతుంది. ఆ మాస్క్ ముఖానికి గాలి పక్కలనుంచి బయటికి పోకుండా పట్టడం చేతికి రావాలి. రక్తస్రావం ఆగకపోతే రక్తం ఉన్న ఆస్పత్రికి తల్లి సకాలంలో చేరాలి. టిక్కులతో ఆ రెండూ రావు.

ఆ ఫలితాలు అచ్చయిన 2017 డిసెంబరులోనే కేంద్రం లేబర్ రూముల నాణ్యత పెంచడానికి 'లక్ష్య' పథకం మొదలుపెట్టింది. అందులో కాన్పు చెక్‌లిస్టు ఉంది. న్యాయంగా చెప్పాలంటే లేబర్ రూము వసతులు, పరికరాలు, సిబ్బంది, శిక్షణ కూడా ఉన్నాయి. ఏపీ, తెలంగాణల్లో ఏ ఆస్పత్రికైనా 'లక్ష్య' సర్టిఫికెట్ వస్తే పేపర్లో స్కోరు వేస్తారు. పక్కనే రాత్రి డ్యూటీలో ఎంతమంది స్టాఫ్ నర్సులుంటారో, పిల్లల డాక్టరు ఎంత దూరంలో ఉంటారో కూడా వేస్తే కాన్పుకు వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.