చెత్తబండి నుంచి బిల్డింగ్ పర్మిషన్ దాకా: వాతావరణం మున్సిపాలిటీ చేతిలో ఎంత?

భూమి వేడెక్కడం గురించి మాట వస్తే అందరి చూపూ దేశాధినేతల సమావేశాల మీదికే పోతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసే అధికారం మున్సిపాలిటీకి లేదు, పెట్రోలు మీద పన్ను వేసే అధికారమూ లేదు. మరి అది చేయగలిగింది ఏముంటుంది?

చాలానే ఉంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఐపీసీసీ లెక్క ప్రకారం 2020లో ప్రపంచ హరితగృహ వాయువుల్లో (అంటే భూమిని వేడెక్కించే వాయువుల్లో) 67 నుంచి 72 శాతం దాకా పట్టణాలకు, అక్కడి వినియోగానికి ముడిపడినవే. బ్రిటన్ వాతావరణ మార్పు కమిటీ 2020 డిసెంబరులో ఇంకో లెక్క చెప్పింది. ఒక ప్రాంతంలో వెలువడే వాయువుల్లో అక్కడి స్థానిక సంస్థ నేరుగా అదుపు చేయగలిగేది 2 నుంచి 5 శాతమే. కానీ దాని నిబంధనలు, అనుమతులు, ఒప్పందాలు గట్టిగా ప్రభావం చూపగలిగేది మూడో వంతుకు పైగా. ఆఫీసు కప్పు మీద సోలార్ పలకలు పెట్టడం మంచి పనే, కానీ అది ఆ 2-5 శాతంలోకే వస్తుంది. కౌన్సిల్ అసలు బలం ఫైళ్ల మీద పెట్టే సంతకాల్లో ఉంది.

ముందుగా చెత్త గురించి చెప్పుకోవాలి. తక్కువ కాలంలో ఎక్కువ ఫలితం వచ్చేది ఇక్కడేనని నా నమ్మకం. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం లాంటి తడి చెత్త డంపింగ్ యార్డులో గుట్ట అడుగున పడితే దానికి గాలి తగలదు. ఆక్సిజన్ లేనిచోట బతికే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి మీథేన్ తయారుచేస్తాయి. గుట్టలోంచి వచ్చే వాయువులో దాదాపు సగం మీథేనే. వందేళ్ల లెక్కన చూస్తే కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడిని పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన అయితే 80 కిలోలకు పైగా. అయితే అది గాలిలో నిలిచేది సగటున పన్నెండేళ్లే. అంటే ఈరోజు మీథేన్‌ను ఆపితే ఆ మేలు మన కళ్ల ముందే కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, అందులో కొంత భాగం వందల ఏళ్లు ఉండిపోతుంది.

అదే తడి చెత్తను గాలి బాగా ఆడేలా కంపోస్ట్ చేస్తే మీథేన్ చాలా తక్కువ వస్తుంది. మూసిన ట్యాంకులో కుళ్లబెడితే మీథేన్ వస్తుంది కానీ పైపులోకి వస్తుంది, ఇంధనంగా పనికొస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఇండోర్‌లో మొదలైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్తతో వాహనాలకు గ్యాస్ తయారుచేసే సామర్థ్యంతో కట్టినదే. ఏ పద్ధతి అయినా చెత్తను ఇంట్లోనే వేరు చేయాలి. గాజు పెంకులు, ప్లాస్టిక్ కలిసిన కంపోస్ట్‌ను ఏ రైతూ తీసుకోడు. దక్షిణ కొరియా 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా పాతిపెట్టడాన్ని నిషేధించి, 2013 నుంచి ఎంత పారేస్తే అంత రుసుము వసూలు చేస్తోంది. ఇటలీలోని మిలాన్ నగరం 2012-2014 మధ్య దశలవారీగా ప్రతి అపార్ట్‌మెంట్ నుంచీ ఆహార వ్యర్థాలను విడిగా సేకరించడం మొదలుపెట్టింది. రెండుచోట్లా జనం సహకరించారు, ఎందుకంటే వేరు చేసి ఇచ్చింది వేరుగానే వెళ్లింది. జనం విడదీసి ఇచ్చినదాన్ని బండిలో మళ్లీ కలిపేస్తే, ఆ పథకం ఆరోజే చచ్చిపోయినట్టు.

పాత గుట్టల సంగతి? వాటిని మట్టితో కప్పి, లోపలికి గొట్టాలు దించి గ్యాస్‌ను బయటికి లాగాలి. విద్యుత్ తీసే వీలు లేకపోయినా, ఊరికే మండించినా మేలే. కిలో మీథేన్ మండితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని 28తో పోల్చి చూడండి.

ఇక నీళ్లు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్కల్లో చాలా స్థానిక సంస్థలు వాడే శక్తిలో 30 నుంచి 40 శాతం మంచినీటి, మురుగునీటి ప్లాంట్లకే పోతుంది. పైపుల్లో లీకైన ప్రతి లీటరుతో పాటు దాన్ని శుద్ధి చేసి, పంపు చేయడానికి కాలిన కరెంటూ పోయినట్టే. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో మార్సెలిస్‌బోర్గ్ మురుగు శుద్ధి కేంద్రం బురద నుంచి గ్యాస్ తీసి, తాను వాడేదానికన్నా ఎక్కువ శక్తిని ఉత్పత్తి చేస్తోంది. వీధి దీపాల విషయం అందరికీ తెలిసిందే: లాస్ ఏంజిలిస్ 2009 నుంచి నాలుగేళ్లలో సుమారు 1,40,000 దీపాలను ఎల్ఈడీకి మార్చి, వాటి విద్యుత్తును సగానికి పైగా తగ్గించుకుంది.

భవనాల దగ్గర ఆలస్యం మరీ ఖరీదైనది. ఈరోజు ఆమోదించిన ప్లాన్ యాభై ఏళ్లకు పైగా కరెంటు వాడుతూనే ఉంటుంది. ఎండ ఎటు పడుతుంది, గాలి ఎటు ఆడుతుంది, గోడలు వేడిని ఎంత ఆపుతాయి అన్నవి కాగితం మీద ఉండగా మార్చడం సులువు, కట్టాక చాలా కష్టం. లండన్‌లోని మెర్టన్ బరో (బరో అంటే అక్కడి స్థానిక పాలనా విభాగం) 2003లో ఒక నిబంధన పెట్టింది: కొత్తగా కట్టే పెద్ద వాణిజ్య భవనాలు తమకు కావలసిన శక్తిలో కనీసం 10 శాతం అక్కడికక్కడే పునరుత్పాదక వనరుల నుంచి తెచ్చుకోవాలి. ఒక బరో పెట్టిన షరతును చూసి బ్రిటన్‌లో మరెన్నో కౌన్సిళ్లు అదే దారి పట్టాయి.

రవాణాలోనూ సగం కథ స్థలం వాడకమే. బడి, ఆసుపత్రి, మార్కెట్ నడిచి వెళ్లేంత దూరంలో ఉండేలా లేఅవుట్లు వేస్తే చాలా ప్రయాణాలకు బండి తీయాల్సిన పనే ఉండదు. చైనాలోని షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా తన 16,000కు పైగా బస్సులన్నిటినీ ఎలక్ట్రిక్ చేసింది. అంత డబ్బు అన్ని ఊళ్లకూ ఉండదు, నిజమే. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ 2012లో నిధులకు వేరే మార్గం చూసుకుంది. 11 లేదా అంతకన్నా ఎక్కువ పార్కింగ్ స్థలాలున్న యాజమాన్యాల మీద ఏటా రుసుము వేసి, ఆ డబ్బును ట్రామ్ మార్గాల విస్తరణకు పెట్టింది. కార్లకు ఇచ్చిన స్థలమే ట్రామ్‌కు నిధులు తెచ్చింది.

ఇవన్నీ విడివిడిగా చేస్తే ఏ శాఖా బాధ్యత తీసుకోదు. నార్వే రాజధాని ఓస్లో 2017 బడ్జెట్ నుంచి డబ్బు లెక్కతో పాటు వాతావరణ బడ్జెట్ కూడా ప్రవేశపెడుతోంది. ఏ పని వల్ల ఎన్ని టన్నులు తగ్గాలి, ఆ పని ఏ విభాగానిది అన్నది అందులో రాసి ఉంటుంది. ఆ నగరం టెండర్లలో కూడా పొగ రాని యంత్రాలు వాడే కాంట్రాక్టర్లకు అదనపు మార్కులు ఇచ్చింది. ఏ ఊళ్లోనైనా చెత్త లారీల ఒప్పందం ఒకసారి కుదిరితే ఏళ్ల తరబడి మారదు. కాబట్టి కొత్త కౌన్సిల్ ముందుగా తెప్పించుకోవాల్సిన కాగితం, ఏ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో చూపే జాబితా.