బాస్ ముందు నోరు విప్పడం: వందేళ్ల నేపథ్యం

"ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?" అని మీటింగ్ చివర బాస్ అడుగుతాడు. అందరూ తలలు దించుకుంటారు. బయటికొచ్చాక కారిడార్‌లో అసలు మాటలు మొదలవుతాయి. మంచి లీడర్ కావాలనుకునేవాళ్లు ముందుగా పట్టించుకోవాల్సింది ఈ మౌనాన్నే అని నా నమ్మకం. దీని వెనక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

1911లో అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ తన 'శాస్త్రీయ నిర్వహణ' పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. ఆలోచన మేనేజర్లది, చెప్పినట్టు చేయడం కార్మికులది. ప్రతి కదలికనూ స్టాప్‌వాచ్ పట్టి కొలిచారు. అదే ఏడాది ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోతపని కార్మికులు ఈ కొలతలను ఒప్పుకోక పని ఆపేశారు. పనిలో మెళకువలన్నీ చేతుల్లో ఉన్నవాళ్లను ఒక్క మాటైనా అడగకపోతే ఎవరికి మాత్రం మండదు?

షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1924లో వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని పరీక్షలు మొదలుపెట్టారు. వెలుతురు తగ్గించినా చాలాసార్లు పని తగ్గలేదు. ఆ ప్రయోగాల లెక్కల మీద తర్వాత విమర్శలొచ్చాయి, అవి న్యాయమైనవే. నాకు మాత్రం అక్కడి ఇంటర్వ్యూలే విలువైనవిగా కనిపిస్తాయి. 1928 నుంచి దాదాపు ఇరవై వేల మంది ఉద్యోగులతో మాట్లాడారు. మొదట్లో ప్రశ్నలు ముందే రాసుకుని వెళ్లేవారు. ఉద్యోగులేమో ఆ ప్రశ్నలు వదిలేసి తమ మనసులో ఉన్నదే చెప్పుకునేవారు. చివరికి ఆ కాగితాన్ని పక్కన పెట్టేసి, వాళ్లు చెప్పేది వినడమే పద్ధతిగా పెట్టుకున్నారు. ఈరోజు టీమ్ సభ్యుడితో ఒంటరిగా కూర్చునే ఏ మేనేజరైనా నేర్చుకోదగ్గ పని ఇది.

వినడం ఒకటే చాలదు, చెప్పినవాళ్లకు అధికారమూ ఉండాలి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1982లో మూతపడ్డ జనరల్ మోటార్స్ ప్లాంట్‌ను 1984లో టయోటాతో కలిసి మళ్లీ తెరిచారు. తిరిగి తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే. లోపం కనిపిస్తే పనిచేసే చోట ఉన్న తాడు లాగి సాయం అడిగే, అవసరమైతే కార్ల తయారీ లైన్ మొత్తాన్నే ఆపే వీలు వాళ్లకిచ్చారు. తాడు లాగితే టీమ్ లీడర్ ఆ చోటికే వచ్చి సాయపడేవాడు. నాణ్యత బాగా మెరుగుపడింది.

1990లలో హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. అక్కడ జరిగిన పొరపాటును దాచకుండా చెప్పుకోగలుగుతున్నారని తర్వాత అర్థమైంది. 1999లో ఆమె దీన్నే టీముల 'మానసిక భద్రత'గా వివరించారు.

"నిన్న పంపిన ఫైల్లో తప్పు నాదే" అని ఒకరొచ్చి నిలబడతారు. "ఎలా చేశావిలా?" అంటామా, "ఎక్కడ చిక్కుపడింది, చూద్దాం పద" అంటామా? ఆ జవాబును పక్క బల్లల దగ్గర కూర్చున్నవాళ్లంతా వింటూనే ఉంటారు.